బొడ్డు కోసిన ఘడియ

మా బిడ్డ శ్రీమంతం నాడు అందరూ వరసగా గాజులు తొడుగుతుంటే, మా వియ్యపురాలు లేచి నిలబడి కాన్పు ముహూర్తం చెప్పింది. పెళ్లి ముహూర్తం చెప్పినంత ధీమాగా చెప్పింది. శుక్రవారం, పుష్యమి నక్షత్రం, పొద్దు బారెడెక్కాక. పటాన్‌చెరులో రోడ్డు మీది ఒక ప్రైవేటు దవాఖాన డాక్టరమ్మతో మాట్లాడటం కూడా అయిపోయిందట. ఆ ఘడియకు కడుపు కోసి పిల్లను బయటికి తీస్తారట.

"అయ్యగారు పంచాంగం ముంగట ఏసుకొని పొద్దంత కూసొని తీసిండు. గసొంటి ఘడియ మల్ల రాదు," అంది మమ్మల్నందరినీ కలయజూస్తూ.

మా బిడ్డ గడ్డపోతారంలో ఒక మందు గోళీల కంపెనీలో టెస్టింగు గదిలో పనిచేస్తుంది. అల్లుడు అదే కంపెనీలో ప్యాకింగులో ఉంటాడు. అక్కడే చూసుకున్నారు, అక్కడే ఇష్టపడ్డారు, మేం పెళ్లి చేశాం. అలాంటి పిల్ల చేతులు చాచుకుని కూర్చున్న చోటి నుంచే అత్తను అడిగింది.

"గిదేమన్న బ్యాచా అత్తమ్మా, డిస్పాచ్ డేట్ ఏసి పంపనీకి?"

గాజులు తొడగడానికి వచ్చిన ఆడవాళ్లంతా నవ్వారు. మా బిడ్డ కూడా నవ్వింది. నవ్వుతూనే నా చేతిని గట్టిగా పట్టుకుంది. వియ్యపురాలు మాత్రం నవ్వలేదు.

వచ్చినవాళ్లు వెళ్లాక వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే నా వెనకే వచ్చి నిలబడింది మా బిడ్డ.

"అమ్మా, పిల్ల అడ్డం తిరిగితేనో, నాకు బీపీ పెరిగితేనో కోయనీ. నేనేం అనను. ఏ పరేషాన్ లేకుండ క్యాలెండర్ సూసి కోస్తమంటే మాత్రం నేను వోను. కడుపు నాది, నొప్పులు నాయి. ఒక్కరన్న నన్ను అడగాలె గద?"

"అడుగుతరులే," అన్నాను. ఎవరు అడుగుతారో నాకూ తెలియదు. ఆ మాట అప్పటికి ఆమెను పడుకోబెట్టడానికే అన్నాను.

నాకు ఇద్దరు. పెద్దవాణ్ని ఇంట్లో కన్నాను, ఆడపిల్లను దవాఖానలో కన్నాను. కాబట్టి రెండింటి గురించీ మాట్లాడే హక్కు నాకుంది. మగవాళ్లు టీవీలో కూర్చుని కాన్పుల గురించి మాట్లాడుతుంటే చూశాను. వాళ్లకంటే నాకు ఎక్కువే తెలుసు.

పెద్దవాడు పుట్టింది ఇదే పోతిరెడ్డిపల్లిలో. అప్పట్లో ఇక్కడ ఇన్ని ఇళ్లు లేవు, జొన్న చేలుండేవి. నాకు కాన్పు చేసింది మా అక్క. నన్నిచ్చిన ఊళ్లోనే అక్కనూ ఇచ్చారు. ఆమె అత్త మంత్రసాని. అత్త పోయాక అక్క ఆ పని అందుకుంది. జొన్న బస్తాలు పక్కకు జరిపి, గోనె సంచి పరిచి, దూలానికి తాడు కట్టి నా చేతికిచ్చింది. నేను ఆ తాడు పట్టుకుని వేలాడుతుంటే నడుం రుద్దుతూ తిట్టింది. "గంత అరుస్తవేందే, ఊరోళ్లు కలుపు ఇడిసిపెట్టి నీ తమాషా సూడనీకి వస్తరు," అని. నొప్పుల మధ్యలో నేను నవ్వాను. కాన్పులో నవ్వినవాళ్లు ఎంతమంది ఉంటారు? నేను నవ్వాను.

రెండోసారి దవాఖానకు వెళ్లాను. వరండాలో ఇనప మంచం. నా వాళ్లెవరినీ లోపలికి రానివ్వలేదు. మా అక్క రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని గేటు బయట కూర్చుంది. అరిస్తే ఆయమ్మ కసిరింది, అరవకపోతే నొప్పులు రావడం లేదా అని కసిరింది. పిల్ల పుట్టాక నెత్తురు ఆగలేదు. అప్పుడు ఎవరో పరుగెత్తుకొచ్చి సూది వేశారు, ఆగింది. ఇంట్లో అయితే నేను మిగిలేదాన్ని కాదు. ఈ సంగతి మా అక్కకూ తెలుసు.

మా కోడలికి పిల్లవాడు అడ్డం తిరిగాడు. కోసి తీశారు. ఇద్దరూ దక్కారు. ఆ రోజు ఆ కత్తికి దండం పెట్టాను.

అందుకే ఇల్లే మంచిది, దవాఖాన పాపిష్టిది అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. దవాఖాన గొప్పది, ఇంట్లో కన్నవాళ్లంతా తెలివితక్కువ వాళ్లు అన్నా అంతే మండుతుంది.

శ్రీమంతం ముచ్చట విని మా అక్క మర్నాడు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆమె కాన్పులు చేయడం మానేసి చాలా ఏళ్లయింది. ఊళ్లోకి అంబులెన్సులు వచ్చాక ఎవరూ పిలవలేదు. అయినా ఆమె చేతులు ఖాళీగా ఉండవు. ఎవరి పిల్ల ఏడుస్తున్నా వెళ్లి కడుపు పాముతుంది.

"ఇంట్లనే కానీ. నా చేతులు ఇంక సచ్చిపోలే," అంది.

"నెత్తురు ఆగకపోతే ఏం జేస్తవు? పసుపు వెడుతవా?" అన్నాను.

"నా తాన కన్ననాడు ఆగింది గద నీకు?"

"రెండోసారి ఆగలే. నువ్వు గేటు బయట రొట్టెలు వట్టుకొని కూసున్నవు."

అక్క మూతి ముడుచుకుంది. మా మాటలు విని మా బిడ్డ బయటికొచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, ఇంట్ల వద్దు. నాకు భయమైతది. గని నువ్వు నా పక్కపొంటి ఉండాలె."

"దవాఖానల నన్నెవరు రానిస్తరే? గీ ముసల్దాన్ని సూస్తే గేటుకాడనే ఆపుతరు."

"సంగారెడ్డిల సర్కారు దవాఖానల కాన్పులు చేసే సిస్టర్లకు వేరే గది ఉన్నదంట పెద్దమ్మా. ఆశా వర్కరక్క చెప్పింది. కోత లేకుండ, మనోళ్లను పక్కన పెట్టుకొని కననిస్తరంట. పోయి సూసొద్దం."

మర్నాడే ముగ్గురం వెళ్లాం.

నాకు అక్షరాలు ముదిరిన వయసులో వచ్చాయి. మా బిడ్డ పదో తరగతి పుస్తకాలు ముందేసుకుని చదువుకుంటూ, పక్కన నాకు పలక మీద దిద్దబెట్టేది. ఆలస్యంగా దొరికిన వస్తువును ఎవరూ ఊరికే వదలరు కదా. ఇప్పటికీ బస్సు మీద, గోడ మీద, మందుల దుకాణం మీద కనిపించిన ప్రతి అక్షరమూ పైకి చదువుతాను. ఆ దవాఖానలో కూడా ఒక తలుపు మీది బోర్డు చూసి ఆగిపోయాను.

"మి...డ్... వై...ఫ... రీ..." అని చదివాను. "మిడ్‌వైఫరీ గది."

"అంటే ఏందే?" అంది అక్క.

మా బిడ్డ చీటీ రాయించడానికి వెళ్లింది. చెప్పేవాళ్లు లేరు. అక్క తనే ఆలోచించింది. ఆమె మనవలు సర్కారు బడికి పోతారు. ఇల్లంతా కంపెనీ వాళ్లకు కిరాయికి ఇవ్వడం వల్ల కొన్ని ఇంగ్లీషు మాటలు ఆమెకూ తెలుసు.

"మిడ్డే మీల్స్ అంటే బళ్లె మధ్యాహ్నం పెట్టే అన్నం. వైఫ్ అంటే పెండ్లాం. గట్లయితే గిది మధ్యాహ్నం పెండ్లాం," అంది.

నేను వరండాలో గోడకు ఆనుకుని నవ్వాను. ఆపుకోలేకపోయాను. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. వియ్యపురాలు. నేను నవ్వులో ఉన్నానని అక్క ఫోను లాక్కుంది.

"ఆఁ, దవాఖానకే వచ్చినం. నీ కోడల్ని మధ్యాహ్నం పెండ్లాం తాన సూపిస్తున్నం."

వియ్యపురాలు నాకు కూడా వినిపించేంత గట్టిగా అరిచింది. "ఎవ్వరి పెండ్లాం? కాన్పుకు పెండ్లాంలతోని పనేంది? గక్కడ డాక్టర్లు లేరా?"

ఆ మాట వియ్యపురాలి ఊరు కాజీపల్లి నుంచి గడ్డపోతారం కంపెనీ దాకా పాకింది. ఇప్పటికీ అల్లుడి స్నేహితులు ప్యాకింగులో ఈ మాట చెప్పుకుని నవ్వుతారట.

లోపలున్న మిడ్‌వైఫు చిన్న వయసు పిల్ల. మెదక్ వైపు మాట. కుర్చీలో కూర్చుని మమ్మల్ని నిలబెట్టలేదు. వచ్చి మా బిడ్డ పక్కన మంచం మీదే కూర్చుంది. కడుపు మీద చేయి వేసి చూసింది, పిల్ల గుండె చప్పుడు వినిపించింది. అన్నీ అయ్యాక అడిగింది.

"నీకు ఎట్ల కావాలె అమ్మా? పక్కన ఎవరుండాలె? పండుకొని కనాలనున్నదా, కూసొనా, నిలబడా?"

మా బిడ్డ నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. శ్రీమంతం నుంచి మేమందరం మాట్లాడుతూనే ఉన్నాం. అడిగింది మాత్రం ఈ పరాయి పిల్ల.

ఆ గదిలో గోడకు నిచ్చెన లాంటిది బిగించి ఉంది. పెద్ద రబ్బరు బంతి ఉంది. పైకప్పు నుంచి మెలి తిప్పిన గుడ్డ వేలాడుతోంది. మా అక్క ఊరుకుంటుందా? బంతి మీద కూర్చోబోయి దొర్లింది. సిస్టర్ పట్టుకుంది. తర్వాత ఆ గుడ్డను రెండు చేతులా పట్టుకుని లాగి చూసింది.

"ఓసి, గిది మా దూలానికి కట్టే తాడే గదనే!"

"అదే పెద్దమ్మా. మీ తానకెల్లే వచ్చింది," అంది సిస్టర్ నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి మా ముగ్గురికీ చెప్పింది. "ఒక్క మాట. బీపీ పెరిగినా, పిల్ల గుండె కొట్టుకునుడు మందగించినా పక్క గదిల డాక్టరమ్మలున్నరు. అప్పుడు నేను మొండికెయ్య. మీరు సుత మొండికెయ్యొద్దు."

ఆ మాటతో నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. ఏ మాత్రమూ భయపడని మనిషి చేతికి నా బిడ్డను ఇవ్వను. అవసరమైనంత భయం ఉన్న మనిషికి ఇస్తాను.

రెండు నెలలు గడిచి ముహూర్తం శుక్రవారం రానే వచ్చింది. నొప్పులు రాలేదు. రావలసిన రోజులు ఇంకా ఉన్నాయని సిస్టర్ ముందే చెప్పింది. పొద్దున్నే ఇంటి ముందు ఆటో ఆగింది. వియ్యపురాలు దిగింది. చేతిలో ఫ్లాస్కు, సంచి, మెత్తటి పాత చీరలు. వెనకాలే అల్లుడు, నిద్ర మొహంతో. కాజీపల్లి నుంచి అంత దూరం వచ్చారంటే చీకట్లోనే బయలుదేరి ఉంటారు. మా బిడ్డ ముందు గదిలో కూర్చుని ఉప్మా తింటోంది.

"తింటున్నవా? ఆపరేషన్‌కు ముందు తినొద్దన్నది గదనే డాక్టరమ్మ! లే, జల్దీ లే," అంది వియ్యపురాలు.

"నేను రాను అత్తమ్మా."

"ఏంది?"

"రాను. ఫోన్ల గదే చెప్పిన గద. నువ్వు ఇనలే."

వియ్యపురాలు కొడుకు వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పురా."

అల్లుడు గడప దగ్గరే నిలబడ్డాడు. "అమ్మా, నేను ప్యాకింగోన్ని. టెస్టింగోళ్లు ఓకే అనందే మా తానకు ఏదీ రాదు. నన్నడిగితే నేనేం జెప్త?"

నాకు నవ్వొచ్చింది. అంతలోనే వియ్యపురాలు గడప మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టడంతో ఆ నవ్వు ఆగిపోయింది. ఆమె గట్టి మనిషి. ఇంట్లో గదులన్నీ బీహారు పిల్లలకు కిరాయికిచ్చి, వాళ్లతో హిందీలో పోట్లాడి నిలిచే మనిషి. ఆమె ఏడుస్తుంటే ఏం చేయాలో నాకు తోచలేదు.

"నా కొడుకు మూల నక్షత్రంల పుట్టిండు," అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "నా పురుడు ఎల్లకముందే మా మామ సచ్చిపోయిండు. ఆయనకు ముందుగాలనే దమ్ము రోగముండె, గది ఎవ్వరికి యాదికి రాలే. నేను మూలల కన్న అన్నరు. మా ఆడబిడ్డ అయితే బతుకమ్మ కాడ నన్ను సూసి పక్కకు జరిగేది. ఎన్ని ఏండ్లు పడ్డనో. నా కోడల్ని ఎవ్వరు గట్ల అనొద్దనే గద నేను తిరుగుతున్న! నాకేమన్న కోత అంటే షోకా?"

అల్లుడికి కూడా ఈ సంగతి తెలియదని అతని మొహం చూస్తే తెలిసింది. మా బిడ్డ పళ్లెం పక్కన పెట్టి, బరువైన కడుపుతో మెల్లగా వంగి అత్త పక్కన గడప మీద కూర్చుంది.

"నాకెందుకు జెప్పలే అత్తమ్మా?"

"జెప్పుకునే ముచ్చటనానే గిది?"

నేను ఎవరినీ ఓదార్చలేను, నాకు చేతకాదు. పని చెప్పడం చేతనవుతుంది. "వదినె, లే. ఆటో ఎట్లనో తెచ్చినవు. దవాఖానకు కాదు, అయ్యగారి తానకు పోదం," అన్నాను.

అయ్యగారి ఇల్లు పటాన్‌చెరు దారిలోనే. మేం వెళ్లేసరికి ఆయన బనియను మీద అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. వియ్యపురాల్ని చూడగానే కప్పు దించాడు.

"అయ్యిందా? ఆడనా మగనా?"

"ఏం గాలే," అంది ఆమె.

"గదేందమ్మా, ఘడియ దాటిపోతుంది!"

నేను ముందుకొచ్చాను. దారంతా ఒక్కటే ప్రశ్న నా బుర్రలో తిరుగుతోంది. మంత్రసాని చెల్లెల్ని కదా, ఇలాంటివే తిరుగుతాయి. "అయ్యగారూ, నాకొకటి జెప్పుండ్రి. పుట్టుడు అంటే ఏది? తల కనవడ్డప్పుడా, మొత్తం బయటవడ్డప్పుడా, ఏడ్చినప్పుడా, బొడ్డు కోసినప్పుడా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఒక్కొక్కరు ఒక్కోటి అంటరమ్మా. మా నాయిన మాత్రం బొడ్డు కోసిందే ఘడియ అనేటోడు. తల్లి నుంచి ఏరువడ్డంకనే గద దాని జాతకం దానిదయ్యేది."

"మరి నొప్పులు వాటంతట అవే వస్తే?"

"దానికంటె మంచి ముహూర్తం నేను తియ్యలేను."

వియ్యపురాలు నడుం మీద చేయి పెట్టుకుంది. "గీ మాట నాకు ముందుగాల ఎందుకు జెప్పలేదు అయ్యగారూ?"

"ముహూర్తం గావాలె అన్నవు, ఇచ్చిన. అక్కరుందా అని నువ్వు అడగలే," అన్నాడాయన చాయ్ కప్పు మళ్లీ అందుకుంటూ. "మూల గీల పడితే శాంతి జేద్దాం. వర్జ్యంల బొడ్డు కోయకుంటె సాలు."

ఆ చివరి మాట ఆయన ఊరికే అన్నాడు. వియ్యపురాలు మాత్రం దాన్ని కొంగున కట్టుకుని ఇంటికొచ్చింది. కోత ముచ్చట వదిలేసింది. వర్జ్యం ముచ్చట పట్టుకుంది. ఫోనులో పంచాంగం పెట్టించుకుంది. రోజూ పొద్దున ఫోను చేసి ఆ రోజు వర్జ్యం ఎప్పుడో మా బిడ్డకు చెప్పేది, మా బిడ్డ ఏదో చేయగలిగినట్టు.

నొప్పులు ఒక తెల్లవారుజామున మొదలయ్యాయి. మా బిడ్డ కంగారు పడలేదు. మేడ మీద అటూ ఇటూ తిరిగింది, స్నానం చేసింది, రెండు ఇడ్లీలు తింది. నొప్పులు దగ్గర పడ్డాక దవాఖానకు వెళ్లాం. అదృష్టం, ఆ పిల్ల సిస్టరే డ్యూటీలో ఉంది. మమ్మల్ని చూసి నవ్వింది.

"వచ్చిండ్రా? మధ్యాహ్నం పెండ్లాం పొద్దుగాలనే వచ్చి కూసున్నది." ఆ మాట ఆమె దాకా కూడా చేరిందన్నమాట. తర్వాత మా బిడ్డను అడిగింది. "లోపలికి ఒక్కరే. ఎవరు రావాలె?"

నేను అప్పటికే కొంగు నడుముకు చెక్కుకున్నాను.

"పెద్దమ్మ," అంది మా బిడ్డ.

నా మొహం ఎలా అయిందో గానీ, నొప్పుల్లో కూడా నా గడ్డం పట్టుకుంది. "నువ్వు పరేషాన్ అయితవమ్మా. నాకంటె ముందు నువ్వే అరుస్తవు." నిజమే. నేను అరుస్తాను. కానీ కన్నది నేను, పిలిచింది మా అక్కను. మా అక్క ఆలస్యం చేసిందా? చెప్పులు విప్పి, రొట్టెల సంచి నా చేతిలో పెట్టి, పెళ్లిపీటల మీదికి పోతున్నట్టు లోపలికి నడిచింది. ఈసారి రొట్టెలు పట్టుకుని బయట కూర్చోవడం నా వంతు అయింది.

పొద్దెక్కేసరికి వియ్యపురాలూ అల్లుడూ వచ్చారు. ఆమె బెంచీ మీద నా పక్కన కూర్చుని ఫోను తీసింది.

"వదినె, వర్జ్యం నడుస్తుంది!"

"గట్లనా? నీ మనవరాలికో మనవనికో ఫోన్ జెయ్. జెర ఆగమను."

"నీకు అన్నీ మజాకే."

లోపలి నుంచి మా బిడ్డ అరుపులు వినిపిస్తున్నాయి. మధ్య మధ్యలో సిస్టర్ నెమ్మదైన మాట, దాని మీద నుంచి మా అక్క గొంతు. "గట్ల కాదే, గుడ్డ గట్టిగ వట్టుకో! ఆఁ, గట్ల! శాబాష్!" తిట్లు కూడా వినిపించాయి. నాకు తిట్టిన తిట్లే. నేను బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆ కాసేపు నాకు ఏ మజాకూ గుర్తుకు రాలేదు. ఆ రోజు ఆగని నా నెత్తురే గుర్తుకొచ్చింది. వియ్యపురాలు ఫోను ఒళ్లో పెట్టి నా చేయి పట్టుకుంది.

పిల్ల ఏడుపు వినిపించింది.

నేను లేచాను. వియ్యపురాలు లేవలేదు. ఫోను చూసుకుంది. వర్జ్యం ఇంకా పోలేదు. కొద్ది నిమిషాలే ఉంది, కానీ ఉంది.

తలుపు తెరుచుకుంది. మా అక్క చెమటతో, చెదిరిన జుట్టుతో బయటికి తల పెట్టింది.

"ఆడపిల్ల! మంచిగున్నరు ఇద్దరు! ఏం కోయలే! కోత లేదు, కుట్టు లేదు!"

"బొడ్డు?" అని ఒక్క గెంతులో లేచింది వియ్యపురాలు. "బొడ్డు కోసిండ్రా?"

"బొడ్డు సుత ఇంక కోయలే. పిల్లను తల్లి ఎద మీద ఏసి సిస్టర్ బొడ్డు వట్టుకొని సూస్తుంది. కొట్టుకునుడు ఆగినంకనే కోస్తదంట. నేను సుత గట్లనే జేస్తుంటి గద!"

అక్క తలుపు మూసుకుంది. వియ్యపురాలు ఆ తలుపు మీద పడింది.

"కోయకుండ్రి! సిస్టర్, జెర ఆగుండ్రి! కోయకుండ్రి, మీ కాళ్లు మొక్కుత, కోయకుండ్రి!"

వరండాలో ఉన్నవాళ్లంతా లేచి చూశారు. ఎవరి తాలూకో ఒక పెద్దాయన చేతికర్ర ఊపుతూ మా వైపు వచ్చాడు. "శాబాష్ అమ్మా! గట్లనే అడగాలె. ఇప్పుడు ఊకెనే కోస్తున్నరు. నీ అసొంటి అత్త ఉంటె కోడండ్లకు కోతలుండయి," అన్నాడు.

రెండు నెలలు కోత కోత అని తిరిగిన మనిషి మా వియ్యపురాలు. ఆమె ఆయన వైపు తిరిగి, "మరేంది!" అంది. నేను సంచిలో మొహం పెట్టుకుని నవ్వాను. అల్లుడు గోడ వైపు తిరిగిపోయాడు.

"నేను ఎట్లనన్న ఆగుతనమ్మా," అని లోపలి నుంచి సిస్టర్ గొంతు వినిపించింది. "మీరు అరవకుండ్రి, పిల్ల జడుసుకుంటది."

వియ్యపురాలు తలుపుకు చెవి ఆనించి, కళ్లు ఫోనుకు అతికించి నిలబడింది. కాసేపటికి చేయి పైకెత్తింది. "పోయింది! వర్జ్యం పోయింది! ఇగ కోయుండ్రి!"

చేతికర్ర పెద్దాయనకు మాత్రం ఇప్పటికీ ఏమీ అర్థమై ఉండదు.

తర్వాత మా అక్క బయటికొచ్చి సాక్ష్యం చెప్పింది. "నీ మాట ఇన్నంకనే కోసింది. నేను గోడ గడియారం సూసుకుంటనే ఉన్న." వియ్యపురాలు మా అక్క రెండు చేతులూ కళ్లకద్దుకుంది. మా అక్కకు గడియారం చూడటం రాదు. నేను ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఒంటరిగా దొరికినప్పుడు సిస్టర్ను అడిగాను. "నేను గడియారం సూడలే అమ్మా. నరం కొట్టుకునుడు ఆగింది, కోసిన," అంది. పిల్లకు ఏది మంచిదో అది చేసింది. మిగతాది మా గొడవ.

నన్ను లోపలికి పంపారు. మా బిడ్డ జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుని ఉంది. పిల్ల ఎద మీద బోర్లా పడుకుని దేనికోసమో మూతి తిప్పుతోంది.

"నేనే కన్ననమ్మా," అంది మా బిడ్డ. ఎవరో కాదన్నట్టు మళ్లీ అంది. "నేనే కన్న."

"సూసిన. అరుపులు ఇన్న," అన్నాను. దాని నుదుటి మీది జుట్టు వెనక్కి తోశాను.

సాయంత్రం వార్డుకు మార్చారు. వియ్యపురాలు వరండాలో నిలబడి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. మంచి ఘడియలో అయిందని, అయ్యగారు చెప్పినట్టే అయిందని. ఒక ఫోను మాత్రం కొంచెం ఎక్కువ గట్టిగా మాట్లాడింది. అవతల ఆమె ఆడబిడ్డ అని నాకు అర్థమైంది. ఏం నక్షత్రమని అడిగి ఉంటుంది. "నక్షత్రం గిక్షత్రం నేను సూడలే వదినె. పిల్ల పాలు దాగుతుంది. నువ్వు వచ్చి సూస్తె సూడు, లేకుంటె లేదు," అని పెట్టేసింది.

ఫోను కొంగుకు తుడుచుకుంటూ లోపలికొచ్చి మంచం పక్కన నిలబడింది. ఆమె మొహం చూస్తే తెలిసింది, మళ్లీ ఏదో తీర్మానం తెచ్చింది.

"ఇగ పేరు వెట్టుడు ఇరవై ఒకటో నాడు మా కాజీపల్లిల..." అని మొదలుపెట్టి ఆగింది. మా బిడ్డ తలెత్తి చూసింది.

వియ్యపురాలు మంచం పట్టె మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. "ఏడ జేద్దమంటవే? ఎన్నడు జేద్దమంటవు? నువ్వెట్లంటె గట్ల."

"మస్తు ఆకలైతుంది అత్తమ్మా. ముందుగాల తిననీ, తినుకుంట చెప్త."

అల్లుడు తెచ్చిన ఇడ్లీ పొట్లం వియ్యపురాలే విప్పింది. పిల్ల పాలు తాగుతోంది కాబట్టి మా బిడ్డ చేతులు ఖాళీ లేవు. ఆమె ఒక్కో ముక్క తుంచి కోడలి నోటికి అందిస్తోంది. మా బిడ్డ తొందర పడకుండా నములుతూ ఆలోచిస్తోంది. మా అక్కా నేనూ మంచానికి అటూ ఇటూ నిలబడి, ఏం చెబుతుందా అని దాని నోటి వైపే చూస్తున్నాం.